ఎరకూ కొక్కేనికీ మధ్య వెంట్రుకవాసి దూరం

చేప ఎరను పరీక్షించే తీరు తెలిస్తే గాలం కట్టే తీరు మారుతుంది. పొడవు మార్చుకోగల ‘వెంట్రుక గాలం’ వెనుక ఉన్న సైన్సు ఇదీ.

భిలాయ్ అనగానే ఉక్కు, రైలు పట్టాలు గుర్తుకొస్తాయి. ఆ ఉక్కు వెనుక నీళ్లూ ఉన్నాయి. తాండులా జలాశయం నుంచి కాలువ మీదుగా వచ్చే నీరు మరోదా చెరువుకు చేరి కర్మాగారం అవసరాలు తీరుస్తుంది. పక్కనే దుర్గ్ దగ్గర శివనాథ్ నది పారుతుంది. చుట్టూ ఉన్న పల్లెల్లో, ఛత్తీస్‌గఢీలో ‘తరియా’ అని పిలిచే చెరువులకు కొదవ లేదు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి సుపేలాలోనూ, సెక్టార్లలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. సెలవు రోజున గాలం పట్టుకుని గట్టున కూర్చునే అలవాటు ఊరు మారినంత మాత్రాన పోయేది కాదు.

ఆ గట్టు మీద ఎక్కడైనా వినిపించే ఫిర్యాదులు రెండు. మొదటిది, బెండు కదులుతుంది, ఎర మాయమవుతుంది, చేప మాత్రం పడదు. రెండోది, పడిన చేప కొక్కేన్ని గొంతు దాకా మింగేస్తుంది. అది చిన్న పిల్ల అయినా, దాన్ని తిరిగి వదిలేద్దామన్నా అప్పటికే ఆలస్యమైపోతుంది. ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపించే ఈ రెండు సమస్యలకూ మూలం ఒకటే. ఎర, కొక్కెం ఒకే ముద్దగా ఉండటం. వాటిని కొన్ని మిల్లీమీటర్ల దూరం జరిపితే రెండు సమస్యలూ చాలావరకు తగ్గుతాయి.

చేప నోట్లో జరిగే పరీక్ష

మన చెరువుల్లో అడుగున మేత వెతికే చేపల్లో ముఖ్యమైనది కామన్ కార్ప్. తెలుగులో బంగారు తీగ అంటారు. ఇది మన దేశపు చేప కాదు. ఇప్పుడు చెరువుల్లో పెంచుతున్నది ప్రధానంగా 1957లో బ్యాంకాక్ నుంచి తెచ్చిన రకం. దీని దవడలకు పళ్లు ఉండవు, కాబట్టి కొరికి తినలేదు. మూతిని గొట్టంలా ముందుకు సాచి, నోటి లోపలి గదిని ఒక్కసారిగా వెడల్పు చేస్తుంది. లోపల పీడనం తగ్గగానే బయటి నీరు లోపలికి దూసుకొస్తుంది. ఆ నీటితో పాటు మేత కూడా వస్తుంది. నిజానికి ఈ చేప మేతను తినడానికి ముందు తాగుతుందనే చెప్పాలి.

అయితే అడుగు నుంచి పీల్చిన ప్రతిదీ మేత కాదు. బురద, ఇసుక, గులకరాళ్లు కూడా లోపలికి వస్తాయి. వాటిని వేరు చేయడానికి బంగారు తీగ అంగిలి మీద రుచి మొగ్గలతో నిండిన కండగల మెత్తని అవయవం ఉంటుంది. అది మేతను అదిమి పట్టుకుంటుంది, పనికిరానిది నీటితో పాటు బయటికి పోతుంది. ఒప్పుకున్న మేత గొంతు దగ్గర ఉండే పళ్ల మధ్య నలిగి లోపలికి వెళ్తుంది. అనుమానం వస్తే చేప మొత్తం ఉమ్మేసి మళ్లీ పీల్చి చూస్తుంది.

గట్టు మీద ఉన్న మనిషికి ఎర మాయమైనట్టు కనిపించే చాలా సందర్భాల్లో లోపల జరిగేది ఈ పరీక్షే. ఎర మధ్యలో దాగిన ఉక్కు ముక్క ఆ పరీక్షలో తేలిగ్గా దొరికిపోతుంది. మెత్తని పిండి ఊడి చేప కడుపులోకి వెళ్తుంది, కొక్కెం బయటికి వస్తుంది.

ఈ పీల్పుకు ఒక పరిమితి కూడా ఉంది. నోటి నుంచి దూరం పెరిగే కొద్దీ దాని బలం చాలా వేగంగా పడిపోతుంది. బ్లూగిల్ సన్‌ఫిష్ అనే చేపల మీద జరిగిన కొలతల్లో, నోటి వెడల్పంత దూరం వెళ్లేసరికి నీటి వేగం నోటి దగ్గర ఉన్న వేగంలో సుమారు 5 శాతానికి తగ్గినట్టు తేలింది. అంటే చేప పీల్పు పనిచేసేది మూతికి దాదాపు ఆనుకున్నంత దూరంలోనే. గాలం దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లకు ఎందుకంత విలువో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఒక వెంట్రుకతో మారిన పద్ధతి

ఈ ప్రవర్తనను గమనించి దారి కనిపెట్టినవాళ్లు ఇంగ్లండుకు చెందిన లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్. తొట్టిలోని కార్ప్ చేపలు ఎరను ఎలా తీసుకుంటాయో, ఎలా ఉమ్మేస్తాయో వాళ్లు చూశారు. కొక్కెం లేని ఎరను తేలిగ్గా తీసుకునే చేప, కొక్కెం గుచ్చిన ఎర దగ్గర జంకుతోందని గ్రహించారు. అప్పుడు ఎరను కొక్కేనికి గుచ్చడం మానేసి, నిజమైన మనిషి వెంట్రుకతో కొక్కెం పక్కన వేలాడదీశారు. 1981లో వచ్చిన మాడక్స్ పుస్తకం ‘కార్ప్ ఫీవర్’ ఈ పద్ధతిని అందరికీ తెలియజేసింది. ఇప్పుడు వెంట్రుక స్థానంలో సన్నని దారం వాడుతున్నా పేరు మాత్రం ‘హెయిర్ రిగ్’గానే మిగిలిపోయింది.

ఇందులో చేప తీసుకునేది ఎరను. దాని వెనుక ఖాళీగా ఉన్న కొక్కెం నోట్లోకి వస్తుంది. చేప అనుమానించి ఉమ్మేసినప్పుడు ఎర ముందు బయటికి పోతుంది, కొక్కెం దాని వెనుక ఈడ్చుకుంటూ వస్తుంది. మొన మీద ఏ ముద్దా కప్పి లేదు కాబట్టి అది పెదవి లోపలి అంచున, ఎక్కువగా కింది పెదవికి, దిగుతుంది. చేప తనను తాను కాపాడుకోవడానికి చేసే పనే దాన్ని పట్టిస్తుంది. గొంతులో గుచ్చుకోవాల్సింది పెదవికే ఆగిపోతుంది.

నీటిలో తూకం వేరు

చేతిలో తూచినప్పుడు ఉండే బరువు నీటిలో ఉండదన్నది ఆర్కిమిడీస్ కాలం నుంచి తెలిసిన సంగతే. దాన్ని గాలానికి అన్వయిస్తే ఆసక్తికరమైన లెక్క వస్తుంది.

1 గ్రాము ఎరను తీసుకుందాం. ఉడికించిన గింజలాంటి ఎర సాంద్రత నీటి కంటే కొద్దిగా ఎక్కువ, ఉదాహరణకు 1.1 అనుకుందాం. నీటిలో దాని బరువు 0.09 గ్రాములే తూగుతుంది. ఇప్పుడు 0.3 గ్రాముల ఉక్కు కొక్కెం తీసుకుందాం. ఉక్కు సాంద్రత సుమారు 7.85. నీటిలో అది 0.26 గ్రాములు తూగుతుంది. గట్టు మీద ఎరలో మూడో వంతు కూడా లేని కొక్కెం, నీటిలో ఎరకు దాదాపు మూడు రెట్లు బరువు. రెండూ ఒకే ముద్దగా ఉంటే చేపకు తగిలేది 0.09 కాదు, 0.35 గ్రాములు. చుట్టూ పడి ఉన్న మామూలు గింజల కంటే ఆ ఒక్కటి దాదాపు నాలుగు రెట్లు బరువుగా ఉంటుంది. పీల్పుకు అది ఆలస్యంగా కదులుతుంది. అనుమానానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

వెంట్రుకకు వేలాడుతున్న ఎర మాత్రం పీల్పు తగలగానే తన తేలిక బరువుతోనే కదలడం మొదలుపెడుతుంది. కొక్కెం ఆ తర్వాత వెంట వస్తుంది. కొక్కెం బరువును పూర్తిగా కప్పిపుచ్చాలనుకునేవాళ్లు ఎర పక్కన చిన్న బెండు ముక్క గుచ్చుతారు. సాంద్రత 0.2 ఉన్న కార్క్ బెండు అయితే, 0.35 గ్రాములను తేల్చడానికి సుమారు 0.44 ఘనపు సెంటీమీటర్లు చాలు. అంటే ఒక్కో పక్క ఏడున్నర మిల్లీమీటర్లు ఉన్న చిన్న ఘనం. అంతకంటే పెద్దది పెడితే ఎర అడుగున ఉండకుండా పైకి తేలుతుంది.

వెంట్రుకే ఎందుకు?

ఎరను స్వేచ్ఛగా కదలనివ్వాలంటే దారం మెత్తగా వంగాలి. గుండ్రని దారం వంగడానికి చూపే మొండితనం దాని వ్యాసానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. వ్యాసం రెట్టింపైతే మొండితనం 16 రెట్లు అవుతుంది. మనిషి వెంట్రుక సుమారు 0.08 మిల్లీమీటర్లు, గాలానికి వాడే నైలాన్ దారం 0.30 మిల్లీమీటర్లు అనుకుంటే, రెండు పదార్థాల గుణం ఒకేలా ఉన్నా నైలాన్ దాదాపు 200 రెట్లు మొండిగా ఉంటుంది. మిడిల్టన్, మాడక్స్ వెంట్రుక వైపు వెళ్లడంలో ఉన్న తర్కం ఇది.

ఈ లెక్కే అల్లిక దారం ఎందుకు మెత్తగా ఉంటుందో కూడా చెబుతుంది. ఒకే మందపాటి తీగకు బదులు, అంతే బలాన్ని ఎన్నో సన్నని పోగులు పంచుకుంటే ప్రతి పోగూ తేలిగ్గా వంగుతుంది. పైగా ఎరను వేలాడదీసే దారం చేప బరువును మోయదు, ఎరను మాత్రమే మోస్తుంది. కాబట్టి దానికి ఖరీదైన సరుకు అవసరం లేదు. సుపేలా లాంటి ఏ బజారులోనైనా దొరికే కుట్టుమిషను పాలియెస్టర్ దారం సరిపోతుంది.

ముడి వేసే విధానం

కొక్కేనికి నాలుగు భాగాలు. దారం దూరే కన్ను, నిలువుగా ఉండే కాడ, కింద వంపు, చివర మొన. మామూలుగా వాడే ముడి పేరు ‘నాట్‌లెస్ నాట్’, అంటే ముడి లేని ముడి. ఇందులో దారం తన మీద తాను బిగుసుకోదు, కాడ చుట్టూ చుట్లుగా ఉంటుంది.

1. సుమారు 30 సెంటీమీటర్ల అల్లిక దారం తీసుకుని ఒక చివర చిన్న ఉచ్చు వేయాలి. ఎరను ఆపే పుల్ల దూరేది ఈ ఉచ్చులోనే.

2. ఎరను ముందే సూదితో ఉచ్చు మీదకు ఎక్కించి, ఉచ్చులో చిన్న పుల్ల పెట్టాలి. పొడవు కొలవడానికి ఎర ఎదురుగా ఉండటం మేలు.

3. దారం రెండో చివరను కాడ వెనుక వైపు నుంచి కన్నులోకి దూర్చి, ఎర వంపు కింద కావలసినంత దూరంలో వేలాడేలా సర్దాలి. వెంట్రుక భాగం కాడ వెన్ను మీద ఆనుకుని ఉండాలి.

4. పొడవాటి చివరతో కాడనూ, వెంట్రుకనూ కలిపి కన్ను నుంచి కిందికి ఏడెనిమిది చుట్లు పక్కపక్కనే చుట్టాలి.

5. అదే చివరను మళ్లీ కాడ వెనుక వైపు నుంచి కన్నులోకి దూర్చి మొన ఉన్న వైపుకు తీయాలి. దారం మొన వైపు నుంచి బయటికి వస్తేనే, లాగు పడినప్పుడు మొన పెదవి వైపు తిరుగుతుంది. ఈ ఒక్క దిశ తప్పితే మిగతా అంతా సరిగ్గా ఉన్నా కొక్కెం సరిగ్గా తిరగదు.

6. బిగించే ముందు ముడిని నీటితో తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం బలహీనపడుతుంది.

ముడి లేని ముడి ఎందుకు జారదన్నదానికి రేవులో పడవ తాడే సమాధానం. గుంజ చుట్టూ రెండు మూడు చుట్లు వేస్తే పెద్ద పడవను ఒక మనిషి ఒంటిచేత్తో ఆపగలడు. ప్రతి చుట్టూ లాగును కొన్ని రెట్లు తగ్గిస్తుంది, ఆ రెట్లు ఒకదానితో ఒకటి హెచ్చవుతాయి. ఘర్షణ గుణకం 0.1 మాత్రమే అనుకున్నా ఒక చుట్టుకు లాగు దాదాపు 1.9 రెట్లు తగ్గుతుంది. ఏడు చుట్లకు అది సుమారు 80 రెట్లు. చేప ఎంత గుంజినా చివరి చుట్టు దగ్గరికి చేరే లాగు స్వల్పం. అందుకే మూడు నాలుగు చుట్లతో సరిపెట్టడం మంచిది కాదు.

పొడవు మార్చుకునే మూడు దారులు

ముడి బిగించాక వెంట్రుక పొడవు మారదు. కానీ ఎర రోజూ ఒకటే ఉండదు. ఒక మొక్కజొన్న గింజ 8 మిల్లీమీటర్లయితే, మూడు గింజల వరుస 24 మిల్లీమీటర్లు. ఒకదానికి సరిపోయిన వెంట్రుక మరోదానికి సరిపోదు. ప్రతిసారీ కొత్త ముడి వేయకుండా పొడవు మార్చుకోవడానికి మూడు తేలిక మార్గాలున్నాయి.

మొదటిది రబ్బరు తొడుగు. సైకిల్ వాల్వు రబ్బరు గొట్టం లాంటిది 3 మిల్లీమీటర్ల ముక్క కోసి, మొన మీదుగా కాడపైకి ఎక్కించి, వెంట్రుకను దాని కిందుగా పోనివ్వాలి. తొడుగును కన్ను వైపు జరిపితే స్వేచ్ఛగా వేలాడే భాగం పెరుగుతుంది, వంపు వైపు జరిపితే తగ్గుతుంది.

రెండోది విడి వెంట్రుక. కొక్కేనికి మామూలు ముడి వేసి, ఎరకు వేరే సన్నని దారం వాడాలి. దాన్ని కాడ చుట్టూ జారుముడితో కట్టాలి. బెండు గాలంలో లోతు సరిచూసుకోవడానికి దారం మీద వేసే ఆపుడు ముడి లాంటిదే ఇది. గోటితో నెడితే జరుగుతుంది, దానంతట అది జరగదు. ఎర వంపుకు దగ్గరగా ఉండాలా, దూరంగా ఉండాలా అన్నది గట్టు మీదే నిర్ణయించుకోవచ్చు.

మూడోది పొడవాటి ఉచ్చు. ఉచ్చును అవసరం కంటే పెద్దదిగా వేసి, మిగిలిన భాగాన్ని ఎర కింద ఉండే పుల్లకు చుట్టేయాలి. 1 మిల్లీమీటరు మందం పుల్లకు ఒక చుట్టు అంటే సుమారు 3 మిల్లీమీటర్లు తగ్గినట్టు. రెండు చుట్లకు 6 మిల్లీమీటర్లు. దీనికి ఏ అదనపు వస్తువూ అక్కర్లేదు.

ఎంత పొడవు సరైనదన్నదానికి ఒకే అంకె లేదు. ఎర పైభాగానికీ కొక్కెం వంపుకూ మధ్య 5 నుంచి 10 మిల్లీమీటర్లతో మొదలుపెట్టవచ్చు. మరీ దగ్గరైతే ఎర మొనకు అడ్డుపడి మళ్లీ పాత సమస్యే వస్తుంది. మరీ దూరమైతే ఎర నోట్లోకి వెళ్లినా కొక్కెం మూతి బయటే ఉండిపోతుంది. నోటికి దూరమయ్యే కొద్దీ పీల్పు ఎంత వేగంగా పడిపోతుందో గుర్తు చేసుకుంటే కారణం తెలుస్తుంది. ఎర పోయి చేప పడకపోయినా, కొక్కెం పెదవి దాటి లోపల దిగినా, రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున మార్చి చూడటమే మార్గం. ఒకసారికి ఒక్కటే మార్చాలన్న ప్రయోగశాల నియమం ఇక్కడా పనికొస్తుంది.

ఎర కూడా మారాలి

మెత్తని పిండి ముద్ద వెంట్రుకకు నిలవదు. శనగలు, మొక్కజొన్న గింజలు బాగా పనికొస్తాయి. వాటిని ఒక రోజంతా నానబెట్టి ఉడికించాకే వాడాలి. పొడి గింజలు చేప పేగుల్లో ఉబ్బితే దానికి హాని. పిండే కావాలనుకుంటే శనగపిండి, వేరుశనగ చెక్క పొడి కలిపి గుడ్డుతో ముద్ద చేసి, గోళీలుగా చుట్టి, మరిగే నీటిలో రెండు నిమిషాలు వేయాలి. వేడికి గుడ్డులోని ప్రోటీన్లు గడ్డకట్టి గోళీకి గట్టి పొర ఏర్పడుతుంది. చిన్న చేపలు దాన్ని చిదపలేవు, సూది గుచ్చినా విరగదు.

ఈ పద్ధతి అన్ని చేపలకూ ఒకేలా పనిచేయదు. అడుగున మేసే బంగారు తీగకు, మృగాలకు ఇది సహజంగా నప్పుతుంది. రోహు ఎక్కువగా నీటి మధ్య పొరలో తిరుగుతుంది. మూతి పైకి తిరిగి ఉండే బొచ్చె పై పొరల్లోని సూక్ష్మజీవులను వడకట్టి తింటుంది. వాటి కోసమైతే బెండు ముక్కతో ఎరను అడుగు నుంచి పైకి లేపాల్సి ఉంటుంది.

బరువు చేసే పని

వెంట్రుక గాలానికి తోడుగా 60 నుంచి 80 గ్రాముల బరువు వాడతారు. కొక్కెం మొన తగలగానే చేప బెదిరి పరుగెత్తుతుంది. కదలకుండా ఉన్న బరువు తన జడత్వంతో దాన్ని ఒక్క క్షణం ఆపుతుంది, ఆ క్షణంలో మొన దిగుతుంది. మనిషి గుంజాల్సిన పని ఉండదు.

ఈ బరువు సీసమే కానక్కర్లేదు. సీసం విషపదార్థం. నీటి పక్షులు మింగి చనిపోతున్నాయని బ్రిటన్ 1987లో చిన్న సీసపు గుండ్ల వాడకాన్ని నిషేధించింది. ఉక్కు ఊరిలో దానికి ప్రత్యామ్నాయం వెతకనక్కర్లేదు. 60 గ్రాముల సీసం నీటిలో దాదాపు 55 గ్రాములు తూగితే, 60 గ్రాముల ఉక్కు నట్టు 52 గ్రాములు తూగుతుంది. పరిమాణంలో కాస్త పెద్దదన్న మాటే తప్ప పనిలో పెద్ద తేడా లేదు.

అయితే బరువును దారానికి కదలకుండా ముడివేయకూడదు. దారం తెగితే బరువు ఊడిపోయేలా తేలిక పట్టుతో ఉండాలి. లేకపోతే తెగిన దారంతో పారిపోయిన చేప ఆ బరువును ఈడ్చుకుంటూ తిరిగి, ఎక్కడో తుంగలో చిక్కుకుని చనిపోతుంది.

చేపకు మిగిలే ప్రాణం

వదిలేసిన చేప బతుకుతుందా లేదా అన్నది దేని మీద ఆధారపడుతుందని అనేక దేశాల్లో పరిశీలనలు జరిగాయి. వాటిలో మళ్లీ మళ్లీ ముందుకు వచ్చిన కారణం ఒకటే, కొక్కెం ఎక్కడ దిగిందన్నది. పెదవికి దిగితే బతికే అవకాశం ఎక్కువ. గొంతులోనో, మొప్పల దగ్గరో దిగితే మరణాలు బాగా పెరుగుతాయి. కొక్కెం మొన దగ్గరి ఎదురుముల్లును పట్టకారతో నొక్కేస్తే తీయడం ఇంకా తేలికవుతుంది. తడిచేతులతో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పొర చెదరదు. గొంతులో దిగిన కొక్కేన్ని బలవంతంగా పీకడం కంటే దారాన్ని దగ్గరగా కోసి వదిలేయడం మంచిది.

కూరకు పట్టేవారికి కూడా ఇది పట్టని విషయం కాదు. ఈ ఏడాది వదిలిన చిన్న చేపే వచ్చే ఏడాది పెద్దదవుతుంది, గుడ్లు పెడుతుంది. మన ప్రధాన కార్ప్ చేపలు వానాకాలపు వరద నీటిలోనే గుడ్లు పెడతాయి. అందుకే ఛత్తీస్‌గఢ్‌లో ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు నదులు, జలాశయాల్లో చేపల వేట నిషేధం. మిగతా నెలల్లోనూ కర్మాగారానికి నీరిచ్చే జలాశయాల్లో, లీజుకిచ్చిన చెరువుల్లో ముందుగా అనుమతి తీసుకోవాలి.

గాలం వేసే మనిషి చేతిలో ఉన్నది కొద్దిపాటి దారం, ఒక ఉక్కు కొక్కెం, నాలుగు శనగ గింజలు. వాటి మధ్య దూరాన్ని కొలిచి కట్టినందువల్ల పట్టే చేపలు పెరగవచ్చు. అంతకంటే ముఖ్యంగా, వదిలేయాలనుకున్న చేప ఈదుకుంటూ వెళ్లగలుగుతుంది.